దుప్పటికి రెండో కొస

రోజుకి తొమ్మిది ఇళ్ళు.
టాంపెరేలో ఈ వీధి ముసలివాళ్ళ తాళాలన్నీ నా నడుముకే.
మందులు వేస్తాను, బిగుతు మేజోళ్ళు ఎక్కిస్తాను,
ఓట్స్ జావ వెచ్చబెడతాను.
తలుపు వేసేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది:
"దుప్పటి మార్చి ఎన్నాళ్ళైంది?"

అందరూ వారమే అంటారు.
అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా,
మూడో అంతస్తు తోయినీ మాత్రం "నిన్ననే" అంటాడు,
దిండు మీది కిందటి నెల బ్లూబెర్రీ మరక
మా ఇద్దరికేసీ చూస్తుండగా.
వాదించను. గలీబు ఊడదీస్తాను.
నడుంనొప్పి ఏ వైపో, రాత్రి ఎన్నిసార్లు లేచాడో,
రొట్టె తిన్నది బల్ల దగ్గరో, పడుకునో,
అన్నీ పక్కే చెబుతుంది.
చెమట, రాలిన చర్మపు పొట్టు, దాన్ని మేసే పురుగులు...
శిక్షణలో బొమ్మ చూపించారు, ఎనిమిది కాళ్ళు.
ఆ వారమంతా నేను కుర్చీలో నిద్రపోయాను.

సాయిమి ఇంట్లో నా లెక్క తప్పింది.

ఎనభై ఒకటో ఏడు. గిన్నెలు మెరుస్తాయి,
కిటికీ అద్దం మీద వేలిముద్ర ఉండదు,
పక్క మాత్రం బూడిదరంగుకి తిరిగింది.
"గురువారం విడిచి గురువారం" అంది, తొణక్కుండా.
సెల్లారులో ఉతుకుగది వంతుల పుస్తకం తిరగేశాను.
పెన్సిలుతో ఆమె పేరు, ఆమె పేరు, ఆమె పేరు,
మార్చి పదమూడున ఆగిపోయింది.
ఇవాళ ఉతికి ఆరెయ్యాల్సిందే అనుకుంటూ మెట్లెక్కాను.
దుప్పటినా, మనిషినా?
ఆ కోపంలో నాకే తెలీదు.

మంచం అంచున కూర్చుని చెప్పింది:
"ఉతకడం మిషను పని. ఆరబెట్టడం గాలి పని.
లాగడానికే ఇద్దరు కావాలి.
ఔలిస్ ఒక కొస, నేనొక కొస,
ఏటవాలుగా ఒకసారి, తిన్నగా ఒకసారి.
జాడిస్తే చప్పుడు కింది అంతస్తుకి వినపడాలి.
లాగని నారబట్ట చుట్టుమరలో పెడితే
ముసలి మొహంలా వస్తుంది, నాకిష్టముండదు.
పెళ్ళైన కొత్తలో కావాలనే కొస వదిలేసేవాడు,
వెల్లకిలా పడేదాన్ని.
డెబ్బై దాటాక వదల్లేదు.
ఎముకలు విరుగుతాయని."

బయట మైనస్ పద్దెనిమిది.
దిండ్లూ పరుపూ పెరట్లో దండెం కర్రల మీద వేశాను.
గడ్డకట్టే చలి ఊరకే వస్తే వాడుకోకపోవడం పాపం
అనేది మా నానమ్మ.
బాదితే మంచు మీద దుమ్ము రాలింది
ఎవరో అక్కడ కాసేపు పడుకుని లేచినట్టు.
దుప్పట్లు అరవై డిగ్రీల్లో తిరిగాయి.
రెండు ఇళ్ళ మధ్య పరిగెత్తుకొచ్చి తీగ మీద వేశాను.
తొమ్మిదో ఇల్లు అయ్యాక వచ్చేసరికి పలకలైపోయాయి,
తలుపు రెక్కల్లా చంకన పెట్టుకుని పైకి మోశాను.

మెత్తబడ్డాక కొస నా చేతికిచ్చింది.
"ఇంకా వెనక్కి" అంది. "ఇంకా."
మెట్టెక్కడానికి నా భుజం అడిగే చేతులు
నన్ను గడపదాకా ఈడ్చాయి.
గది మధ్య తెల్లగా, బిగువుగా,
గోటితో మీటితే మోగేలా నిలబడింది బట్ట.

వేళ ముప్పై నిమిషాలు మించింది.
ఫోన్లో కారణం నొక్కాలి.
పడిపోవుట. స్పృహ తప్పుట. మందు నిరాకరించుట.
కొస పట్టుకొనుట అన్న మీట లేదు.
ఇతరములు, అని నొక్కాను.

ఇప్పుడు గురువారం విడిచి గురువారం నేనుంటాను.
మొన్న, జాడింపు మధ్యలో, ఆమె కొస వదిలేసింది.
వెల్లకిలా మంచం మీద పడ్డాను, మీద దుప్పటి,
లోపల చలి వాసన, సబ్బు వాసన.
బయట ఎక్కడో దగ్గుతో కలిసిన నవ్వు.

నన్నెవరూ అడగరు గానీ
నా పక్క మార్చి ఐదు వారాలు.
నాది కొత్తరకం దుప్పటి. నాలుగు మూలలా ఎలాస్టిక్కు.
రెండోవైపు ఎవరూ పట్టుకోనక్కర్లేదు.